రిజర్వుడు స్థానము నుండి అటవీ హక్కుల చట్టము వరకు: కిశోర్ చంద్రదేవ్ శాసన జీవితము

పార్లమెంటుకు, శాసనసభకు జరిగే ఎన్నికలలో కొన్ని స్థానములు షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడి ఉన్నవని మన విద్యార్థులందరకు తెలిసినదే. ఆ స్థానములలో ఎన్నికైన సభ్యుడు సభలోనికి వెళ్లి ఏమి చేయగలడు, ఏమి చేయలేడు అన్న విషయము మాత్రము పాఠ్యపుస్తకములలో అంతగా కనిపించదు. రాజనీతి శాస్త్రము చదివే విద్యార్థులు కూడ "సీటు ఇచ్చినారు గదా, ఇక లోటేమి?" అని అడుగుట కద్దు. మన కళాశాల వంటి అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో ఈ ప్రశ్నకు మరొక పార్శ్వమున్నది. అటువంటి స్థానములు మనకు లేవు. ఒకప్పుడు ఉండి, తరువాత పోయినవి. కనుక సీటు ఉన్నవారు దానితో ఏమి సాధించినారో తెలిసికొనుట మనకు ఉపయోగకరమని తలచి, మన జిల్లాల కొండ ప్రాంతమునకు చెందిన శ్రీ వైరిచర్ల కిశోర్ చంద్ర సూర్యనారాయణ దేవ్ గారి పార్లమెంటు జీవితమును ఆధారముగా తీసికొని ఈ విషయమును వివరింప దలచినాము.

ముందుగా కొంత పూర్వరంగము. 1909 నాటి మింటో-మార్లే సంస్కరణలు ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములను కల్పించినవి. అనగా ముస్లిము అభ్యర్థిని ముస్లిము ఓటర్లే ఎన్నుకొనే పద్ధతి. దేశ విభజన తరువాత రాజ్యాంగ సభ ఈ పద్ధతిని విడిచిపెట్టినది. 1949 మే నెలలో మత ప్రాతిపదికపై స్థానముల రిజర్వేషను కూడ వద్దని నిశ్చయించినది. మద్రాసు నుండి వచ్చిన మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబు దీనిని గట్టిగా ప్రతిఘటించినారు. బేగం ఐజాజ్ రసూల్ రిజర్వేషను అక్కరలేదని అంతే గట్టిగా వాదించినారు. ఒకే సమాజమునకు చెందిన ఇద్దరు సభ్యులు ఒకే విషయముపై ఎదురెదురుగా నిలిచి వాదించుకొన్న ఆ చర్చలు మన విద్యార్థులు తప్పక చదువవలసినవి. షెడ్యూల్డు కులములకు, తెగలకు మాత్రము 330, 332 అధికరణముల క్రింద స్థానములు నిలిచినవి. మొదట పదేండ్ల గడువుతో ప్రారంభమైన ఈ ఏర్పాటు పలుమార్లు పొడిగింపబడి, 104వ రాజ్యాంగ సవరణతో 2030 జనవరి వరకు కొనసాగుచున్నది.

ఇక్కడ ఒక సూక్ష్మమును గమనింపవలెను. రిజర్వుడు స్థానములో అభ్యర్థి గిరిజనుడై ఉండవలెనే గాని ఓటర్లందరు గిరిజనులు కారు. కొండ మీది సవర, దిగువన పల్లపు భూముల రైతు, పట్టణపు వర్తకుడు అందరును ఆయనకు ఓటు వేయుదురు. కాబట్టి గెలిచినవాడు కొండకు ఎంత బద్ధుడో పల్లమునకు అంత బద్ధుడు. ఈ రెండింటి ప్రయోజనములు ఎల్లప్పుడు ఒకటి కావు.

ఈ పద్ధతికి మన పార్వతీపురం నియోజకవర్గములోనే ఒక చారిత్రక పరీక్ష జరిగినది. 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ స్థానము. ప్రతి ఓటరుకు రెండేసి ఓట్లు. ఒక స్థానము షెడ్యూల్డు తెగలకు, రెండవది అందరకు. తరువాతి కాలములో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి గారు జనరల్ స్థానమునకు అభ్యర్థి. ఓట్లు లెక్కించగా గిరిజన అభ్యర్థి బిడ్డిక సత్యనారాయణ గారు రిజర్వుడు స్థానమును గెలిచినారు. రెండవ స్థానము అతి స్వల్పమైన తేడాతో మరొక గిరిజన అభ్యర్థి దిప్పల సూరిదొర గారికి దక్కినది. అనగా రెండు స్థానములు గిరిజనులకే పోయినవి. గిరి గారు న్యాయస్థానమును ఆశ్రయించినారు. తెగల అభ్యర్థిగా నిలిచినవానికి జనరల్ స్థానము ఎట్లు ఇచ్చెదరు అన్నది మొదటి వాదము. సూరిదొర ముఖదొర తెగలో పుట్టినను ఆచార వ్యవహారములలో క్షత్రియుడై పోయినాడు, కనుక గిరిజనుడే కాడు అన్నది రెండవ వాదము. 1959లో సుప్రీంకోర్టు ఆధిక్య నిర్ణయముతో ఈ రెండు వాదములను త్రోసిపుచ్చినది. రిజర్వుడు స్థానము గిరిజనునికి కనీస హామీయే గాని గరిష్ఠ పరిమితి కాదని దీనివలన తేలినది. ఆ తరువాత 1961లో ద్విసభ్య నియోజకవర్గములనే పార్లమెంటు రద్దు చేసినది. ఒక కొండ దొర దేశములోని పెద్ద నాయకులలో ఒకరిని ఓడించి, సర్వోన్నత న్యాయస్థానములోను నిలిచిన ఈ సంగతి మన జిల్లాలలోనే చాలమందికి తెలియకపోవుట విచారకరము.

ఆ పార్వతీపురము నుండియే 1977లో కిశోర్ చంద్రదేవ్ గారు తొలిసారి లోక్‌సభకు ఎన్నికైనారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది సంవత్సరములు. ఉత్తర భారతమంతట కాంగ్రెసు కొట్టుకొనిపోయిన ఆ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్ 42 స్థానములలో 41 ఆ పార్టీకి ఇచ్చినది. వానిలో ఇది ఒకటి. ఆయన కురుపాం జమీందారీ వంశమునకు చెందినవారు. కొండదొర తెగవారు. మద్రాసులో ఉన్నత విద్య నభ్యసించినవారు. కోటలో పుట్టినవాడు పోడు చేసికొనే సవరకు ఎట్లు ప్రతినిధి కాగలడని ప్రశ్నించేవారు ఆనాడు ఉన్నారు, ఈనాడును ఉన్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. రిజర్వుడు స్థానములు పలుచోట్ల తెగలోని పెద్ద కుటుంబములకే దక్కినవి. మా అభిప్రాయములో దీనికి సమాధానము వంశావళిలో దొరకదు. ఆయన సభలో చేసిన పనిలో వెదకవలెను.

ఆయన పార్లమెంటుకు వెళ్లిన నాటికి ఈ కొండలలో రక్తపు మరకలు ఆరి చాల కాలము కాలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు కాల్పులలో చనిపోయినారు. అక్కడి నుండి రగిలిన శ్రీకాకుళ గిరిజనోద్యమము 1970 జులైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయ నాయకుల మరణముతో అణగిపోయినది. దాని మూలకారణము భూమి. గిరిజనుల భూమి అన్యాక్రాంతము కారాదని 1959లోనే నిబంధన వచ్చినది. దానిని బిగించి 1970 ఫిబ్రవరిలో 1/70 నిబంధన వచ్చినది. కాని అది షెడ్యూల్డు ప్రాంతములకే వర్తించును. మన జిల్లాలలో గిరిజనులు నివసించే గ్రామములు అనేకము షెడ్యూల్డు ప్రాంతమునకు బయట మిగిలిపోయినవి. అడవిని ఆనుకొని తరతరములుగా చేసికొను పోడు భూమికి ఎక్కడను పట్టా లేదు. ఆ భూమి అటవీశాఖ లెక్కలో రిజర్వు అడవి, సాగుదారుడు ఆక్రమణదారుడు.

తొలి మూడు దఫాల లోక్‌సభ సభ్యత్వమును గూర్చి విస్తరించి వ్రాయవలసినది తక్కువ. 1977, 1980, 1984 ఎన్నికలలో ఆయన వరుసగా గెలిచినారు. 1979లో కొద్ది నెలల పాటు ఉక్కు, గనులు, బొగ్గు శాఖలకు సహాయ మంత్రిగా ఉన్నారు. గనుల శాఖను చూచినవాడే ముప్పది ఏండ్ల తరువాత కొండలలో గనుల త్రవ్వకమునకు అడ్డు నిలుచుట గమనింపదగినది. 1994 నుండి రాజ్యసభలో ఒక దఫా పనిచేసి, 2004లో తిరిగి పార్వతీపురము నుండి లోక్‌సభకు వచ్చినారు. ఆయన శాసన జీవితములో అసలు ఘట్టము ఆ తరువాత వచ్చినది.

దాని నేపథ్యము ఇది. 1980 అక్టోబరు 25న అటవీ సంరక్షణ చట్టము అమలులోనికి వచ్చినది. ఆ తేదీకి ముందు నుండి అడవిలో సాగు చేయుచున్నవారిని క్రమబద్ధము చేయవచ్చునని, తరువాత వచ్చినవారిని తొలగింపవలెనని ప్రభుత్వ విధానము. అయితే ముందు నుండి ఉన్నవారి దగ్గరను కాగితము లేదు. 2002 మే 3న కేంద్ర పర్యావరణ శాఖ అడవులలోని ఆక్రమణలను తొలగింపుమని రాష్ట్రములన్నింటికి లేఖ వ్రాసినది. దేశములో అనేకచోట్ల గుడిసెలు కూలినవి, పైరు నాశనమైనది. దానిపై లేచిన ఆందోళనల ఫలితముగా 2005 డిసెంబరు 13న షెడ్యూల్డు తెగల అటవీ హక్కుల గుర్తింపు బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చినది. బిల్లును ఉభయ సభల సంయుక్త సంఘమునకు పంపినారు. ఆ సంఘమునకు అధ్యక్షుడు కిశోర్ చంద్రదేవ్ గారు.

సంయుక్త సంఘమనగా ఏమి? సభలో చర్చ జరుగునప్పుడు పార్టీ ఆజ్ఞను మీరి ఓటు వేయుట సభ్యునికి దుస్సాధ్యము. సంఘములో ఆ బంధము కొంత సడలును. లోక్‌సభ, రాజ్యసభల నుండి వివిధ పక్షముల సభ్యులు ఒక గదిలో కూర్చుండి బిల్లును అక్షరమక్షరము పరిశీలింతురు. అధికారులను, నిపుణులను, ప్రజా సంఘముల వారిని పిలిచి సాక్ష్యము తీసికొందురు. పత్రికా విలేఖరులకు అక్కడ ప్రవేశము లేదు. ఉపన్యాసముల వలన వచ్చే కీర్తి అక్కడ లేదు. విద్యార్థులు శాసనసభ్యుని శక్తిని సభలో గొంతుక స్థాయిని బట్టి అంచనా వేయుట సహజము. మా దృష్టిలో ఆయన శక్తి తేలేది ఈ గదిలోనే.

2006 మేలో సమర్పించిన నివేదికలో ఆ సంఘము ప్రభుత్వపు బిల్లును మార్చివేసినదనియే చెప్పవచ్చును. మొదటిది తేదీ. బిల్లు ప్రకారము 1980 అక్టోబరు 25కు పూర్వము నుండి సాగులో ఉన్నవారికే హక్కు. పాతిక సంవత్సరములు వెనుకటి సాగుకు రుజువు ఎవరి దగ్గర ఉండును? సంఘము దానిని బిల్లు సభకు వచ్చిన రోజుకు, అనగా 2005 డిసెంబరు 13కు జరిపినది. పాతిక సంవత్సరముల ఈ జరుగుబాటులోనే ఎన్నో కుటుంబముల భవిష్యత్తు ఉన్నది. రెండవది విస్తీర్ణము. బిల్లులో కుటుంబమునకు రెండున్నర హెక్టార్ల పరిమితి ఉండగా, పరిమితియే వద్దని సంఘము చెప్పినది. చివరకు చట్టములో నాలుగు హెక్టార్లు నిలిచినది. సంఘము అడిగినదంతయు రాలేదు, కాని ప్రభుత్వము ఇవ్వదలచిన దానికంటె ఎక్కువ వచ్చినది. మూడవది గ్రామసభ. హక్కుల నిర్ణయ ప్రక్రియను ప్రారంభించే అధికారము అటవీ అధికారికి గాక గ్రామసభకు చెందునని చట్టములో స్థిరపడినది.

నాలుగవ మార్పు మన కళాశాల పాఠకులకు ప్రత్యేకముగా చెప్పదగినది. మూల బిల్లు షెడ్యూల్డు తెగలకే పరిమితము. అడవినే నమ్ముకొని బ్రతుకు ఇతర సాంప్రదాయిక వనవాసులను కూడ చేర్చవలెనని సంఘము సిఫారసు చేసినది. ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ అడవులలో పశువులను మేపుకొనుచు కొండల మీదికి, క్రిందికి తిరిగే వన గుజ్జరులు ముస్లిములు. ఆ రాష్ట్రములలో వారికి తెగ హోదా లేదు. కొండదొర సభ్యుడు అధ్యక్షత వహించిన సంఘము తన వారికే అని గీత గీసికొనక, వారికి కూడ తలుపు తెరచినది. అయితే ఆ తలుపునకు గడియ కూడ ఉన్నది. ఇతర వనవాసులు మూడు తరములుగా అక్కడ ఉన్నట్లు చూపవలెను. తరమునకు పాతిక సంవత్సరములని చట్టమే చెప్పినది గనుక 75 సంవత్సరముల రుజువు కావలెను. సంచారము చేయువారికి ఇది ఎంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ ఒక్క విషయములో చట్టము మరికొంత ఉదారముగా ఉండవలసినదని మా నమ్మకము.

బిల్లు 2006 డిసెంబరులో ఉభయ సభల ఆమోదము పొంది, ఆ నెల 29న రాష్ట్రపతి అంగీకారముతో చట్టమైనది. 2008 జనవరి 1న నియమావళి వెలువడినది. ఇది షెడ్యూల్డు ప్రాంతములకే పరిమితము కాదు. అడవి ఉన్న ప్రతి చోట వర్తించును. 1/70 నిబంధన చేరలేని మన గిరిజన గ్రామములకు ఇది చేరుచున్నది. భూమి పట్టాతో పాటు చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, వెదురు వంటి ఫలసాయముపై హక్కు, గ్రామపు ఉమ్మడి అడవిని కాపాడుకొని వాడుకొనే హక్కు ఇందులో ఉన్నవి. 1927 నాటి భారత అటవీ చట్టము వెదురును వృక్షముగా పరిగణించినందున దానిని కొట్టినవాడు నేరస్థుడగుచుండెను. ఈ చట్టము దానిని చిన్నతరహా అటవీ ఫలసాయములో చేర్చినది.

ఇట్టి సమస్యలు మన దేశమునకే ప్రత్యేకము కావు. కెనడా ఉత్తరపు మంచు ప్రదేశములలో నివసించు ఇన్యూట్ జనులను అచ్చటి ప్రభుత్వము 1941 నుండి పేర్లతో గాక, మెడలో వేసికొను బిళ్లలపై చెక్కిన సంఖ్యలతో గుర్తించెడిది. 1966లో వాయవ్య ప్రాంతముల మండలికి ఎన్నికైన తొలి ఇన్యూట్ సభ్యుడు సిమోనీ మైకేల్ దానిని సభలో ఎత్తి చూపినారు. తరువాత ఇంటిపేర్లు నమోదు చేసి ఆ బిళ్లలను క్రమముగ తొలగించినారు. 1999 ఏప్రిల్ 1న ఏర్పడిన నునావుత్ ప్రాంతములో ఇన్యూట్లే అధిక సంఖ్యాకులు గనుక వారికి రిజర్వుడు స్థానము అక్కరలేదు. అచ్చటి శాసనసభలో పార్టీలు లేవు, సభ్యులు తమ మాతృభాషలో మాట్లాడుదురు. అక్కడ మనిషికి సంఖ్య ఉండి పేరు లేకపోయినది. ఇక్కడ సవర రైతుకు పేరు ఉన్నది, అతడు దున్నిన చెక్కకు సర్వే సంఖ్య లేదు. ఆ సవర భాషకు వ్యాకరణము వ్రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు మన శ్రీముఖలింగము దగ్గర పుట్టినవారు. పార్లమెంటులో మాత్రము ఆ భాషకు నేటికిని చోటు లేదు.

2009 నాటికి నియోజకవర్గముల పునర్విభజనలో పార్వతీపురం లోక్‌సభ స్థానమే మాయమైనది. పాలకొండ నుండి రంపచోడవరము వరకు తూర్పు కనుమల వెంట సాగే అరకు స్థానము ఏర్పడగా, దేవ్ గారు అక్కడ గెలిచినారు. 2011 జులైలో కేంద్ర గిరిజన వ్యవహారముల, పంచాయతీరాజ్ శాఖల మంత్రి అయినారు. చట్టమును మలచినవానికే దాని అమలు బాధ్యత దక్కుట అరుదు. 2012 సెప్టెంబరులో ఆయన శాఖ నియమావళిని సవరించినది. అటవీ హక్కుల సంఘములో మూడింట రెండు వంతులు గిరిజనులు ఉండవలెనని, దరఖాస్తును తిరస్కరించినచో కారణములు వ్రాసి ఇవ్వవలెనని అప్పుడే చేరినది. అటవీ ఫలసాయమునకు కనీస మద్దతు ధర పథకము 2013-14లో మొదలైనది.

విశాఖ మన్యపు బాక్సైటు విషయములో ఆయన తన పక్షపు రాష్ట్ర ప్రభుత్వముతోనే ఢీకొన్నారు. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు గవర్నరుకు ప్రత్యేకాధికారములు ఇచ్చినది. వానిని వినియోగించి గనుల ఒప్పందములను రద్దు చేయుమని 2012లో గవర్నరుకు వ్రాసినారు. ఆ అధికారములు అరువది ఏండ్లుగా పుస్తకములో ఉన్నను, ఒక కేంద్రమంత్రి వానిని వాడుమని ఇట్లు పట్టుబట్టుట కొత్త. సరిహద్దుకు ఆవల ఒడిశాలోని నియమగిరిపై 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయమును గ్రామసభలకు వదలగా, డోంగరియా కోందుల 12 గ్రామసభలు ఒకదాని తరువాత ఒకటిగా గనిని నిరాకరించినవి. అక్కడ గ్రామసభలకు బలమిచ్చినది ఈ అటవీ హక్కుల చట్టమే.

2014లో అరకు ఓటర్లు ఆయనను ఓడించినారు. 2019లో పార్టీ మారి నిలిచినను ఓటమి తప్పలేదు. చట్టము చేసినందుకు ఓటర్లు ఋణపడి ఉండవలెనను నియమమేదియు లేదు. రాష్ట్ర విభజనపై ఆగ్రహము, పార్టీల గాలి, అభ్యర్థికి ఓటరుకు మధ్య దూరము, ఇవన్నియు లెక్కలోనికి వచ్చును. ఏడు శాసనసభా స్థానములు, వందల కొండ పల్లెలు గల నియోజకవర్గములో సభ్యుని ముఖము చూడని ఓటరు సంఘములోని చర్చను ఎట్లు తూచగలడు?

చట్టము మాత్రము ఆయన పదవితో ముగియలేదు. 2019 ఫిబ్రవరి 13న, హక్కు పత్రము తిరస్కరింపబడినవారిని ఖాళీ చేయింపుమని సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ నెల 28న ఆ ఆదేశమును నిలిపివేసినది. ఆ పదిహేను రోజులలో దేశమంతట తేలిన ప్రశ్న ఏమనగా, తిరస్కారములు సక్రమముగా జరిగినవా అని. అనేకులకు కారణము చెప్పలేదు, కొందరకు తిరస్కరించిన సంగతియే తెలియదు.

కనుక కొండ పల్లెల నుండి మన కళాశాలకు వచ్చే విద్యార్థులకు, వారి మిత్రులకు పద్ధతిని క్లుప్తముగా చెప్పుట అవసరము. వ్యక్తిగత సాగు భూమికి 'ఎ' ఫారము, గ్రామపు ఉమ్మడి హక్కులకు 'బి' ఫారము, ఉమ్మడి అటవీ వనరుకు 'సి' ఫారము. దరఖాస్తు గ్రామసభకు చేయవలెను, కచేరీకి కాదు. రుజువుగా ప్రభుత్వ కాగితమే ఉండవలెనని లేదు. పెద్దల వాంగ్మూలము వ్రాసికొన్నది, పాత గట్లు, బావులు, శ్మశానములు, పూజాస్థలములు కూడ చెల్లును. గ్రామసభ తీర్మానము సబ్ డివిజను సంఘమునకు, అచ్చటి నుండి కలెక్టరు అధ్యక్షతన గల జిల్లా సంఘమునకు పోవును. గ్రామసభ నిర్ణయము నచ్చనివారు సబ్ డివిజను సంఘమునకు, ఆ సంఘపు నిర్ణయము నచ్చనివారు జిల్లా సంఘమునకు అరువది రోజులలో విన్నవించుకొనవచ్చును. విన్నవించుకొన్నవాని మాట వినకుండ దానిని కొట్టివేయరాదు. ఇంటికి వచ్చిన తిరస్కార పత్రమును మన విద్యార్థి చదివి తండ్రికి వినిపించునప్పుడు మొదట చూడవలసినవి రెండు: కారణము వ్రాసి ఉన్నదా, తేదీ ఎన్నడు.